రాజలింగు చూసిన రెండు నక్షత్రాలు

బైరి రాజలింగు వరంగల్ కొత్తవాడలో, జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టాడు. తండ్రి మగ్గం గుంటలో కూర్చుంటే తల్లి కండెలు చుట్టేది. డెబ్బైల్లో ఆ వాడకట్టులో మగపిల్లలకు చదువంటే మగ్గం మీద పని లేనప్పుడు చేసుకునే పని. రాజలింగుకు మాత్రం లెక్కలంటే ప్రాణం. పదో తరగతి పరీక్ష నాడు ఒళ్ళు తెలియని జ్వరంతో పడుకుంటే, బడి పంతులే సైకిలేసుకుని ఇంటికి వచ్చాడు. పిల్లవాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని, జారిపడకుండా తన కండువాతో నడుముకు కట్టుకుని, పరీక్ష హాలు గుమ్మం దాకా తొక్కుకుంటూ పోయాడు. ఎవరైనా తన చదువును మెచ్చుకుంటే రాజలింగు ఆ సంగతే చెప్పేవాడు. "నా తెలివి కాదు, పంతులు కండువా" అనేవాడు.

డిగ్రీ అయ్యాక హైదరాబాదులో మేనమామ ఇంట ఉండి కంప్యూటరు నేర్చుకున్నాడు. తండ్రికి చూపు తగ్గుతోందని తెలిసి ఊరికి తిరిగి వచ్చేశాడు. అప్పటికి ఎనభైలు చివరికి వస్తున్నాయి. హనుమకొండ చౌరస్తా దగ్గర ఫొటో స్టూడియో నడిపే రాజేశ్వర్ రావు, స్టూడియోను సగానికి చెక్కతో అడ్డం కట్టి ఒక కంప్యూటరు తెచ్చి పెట్టాడు. గుమ్మం పైన 'శ్రీవాణి కంప్యూటర్ జాతక కేంద్రం' అని బోర్డు వేయించాడు. జాతకాలు చెప్పే ప్రోగ్రాం రాయడానికి మనిషి కావలసివచ్చింది. రాజలింగు దొరికాడు.

ఆ రోజుల్లో ఆ గదిలోకి వచ్చే జనాన్ని చూస్తే గుడికి వచ్చినట్టే ఉండేది. చెప్పులు బయట విడిచేవారు. ముసలివాళ్ళు కంప్యూటరుకు రెండు చేతులూ ఎత్తి మొక్కేవారు. రాజలింగు ఎవరినీ చూసి నవ్వలేదు. ప్రతి పొద్దున్నా తనే దాని నుదుట కుంకుమ బొట్టు పెట్టి, భద్రకాళి అమ్మవారిని తలచుకుని స్విచ్చి వేసేవాడు. పంచాంగం తెలిసిన పెద్దమనిషి ఒకాయన పక్కన కూర్చుని సూత్రాలు చెబితే, వాటిని పాస్కల్ అనే కంప్యూటరు భాషలో రాశాడు. పుట్టిన తేదీ, వేళ ఇస్తే చాలు, నక్షత్రం వచ్చేది. అశ్విని ఒకటి, భరణి రెండు, అలా రేవతి దాకా ప్రతి నక్షత్రానికీ ఒక అంకె. ఆ అంకెను ప్రోగ్రాంలో ఒక పేరు కింద దాచాడు. NAK అని పేరు పెట్టుకున్నాడు. అబ్బాయిది ముందు, అమ్మాయిది తరువాత లెక్క కట్టి, రెండూ పక్కపక్కన పెట్టి, పొంతన కుదిరిందో లేదో యంత్రం అచ్చు వేసేది.

మొదటి నెలలోనే ఒక చిక్కు వచ్చింది. కొత్తవాడ నుంచీ చుట్టుపక్కల పల్లెల నుంచీ వచ్చేవాళ్ళలో చాలామందికి పుట్టిన వేళ తెలియదు. "ఎప్పుడు పుట్టింది?" అని అడిగితే, "పత్తి ఏరే దినాలల్ల" అని ఒకరు, "పెద్ద వాన పడ్డనాడు" అని ఒకరు. అటువంటివాళ్ళకు పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి నక్షత్రం చెప్పడం పెద్దల నుంచి వస్తున్న పద్ధతే. పంచాంగం పెద్దమనిషి ఆ అక్షరాల పట్టిక కూడా చెప్పాడు. రాజలింగు ఆ ముక్కను ఇంటి దగ్గర ఆలోచించి విడిగా రాశాడు, విడిగా నడిపి చూశాడు. సరిగ్గానే వచ్చింది. తెచ్చి పెద్ద ప్రోగ్రాంలో అతికించాడు. పేదవాళ్ళకు కూడా దారి దొరికిందని ఆ సాయంత్రం గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు.

అప్పటి నుంచి కేంద్రంలో సంబంధాలు ఎక్కువగా తప్పిపోవడం మొదలైంది. రాజేశ్వర్ రావు అదీ గొప్పే అనుకున్నాడు. "మనుషులైతే మొహమాటపడి కుదిరిందంటరు. మన మిషన్‌కు మొహమాటం లేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. రాజలింగు కూడా ఆ మాటను నమ్మాడు. అట్లా రెండేళ్ళు గడిచాయి.

*

కొత్తవాడలో రాజలింగు ఇంటికి నాలుగిళ్ళ అవతల మొగిలమ్మ ఉండేది. భర్త పోయాక కండెలు చుట్టి, పడుగు పోసి, ఒక్కగానొక్క బిడ్డను పెంచింది. ఆ పిల్ల పేరు సోమక్క. పిల్లది చలాకీ నోరు, చలాకీ చెయ్యి. రాజలింగు తల్లికి జ్వరమొస్తే పిలవకుండానే వచ్చి వంట చేసిపోయే పిల్ల. ఆమెకు కాజీపేట నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు కట్టయ్య, రైలింజన్ల షెడ్డులో ఖలాసీ. తండ్రి సాంబయ్య కూడా సాలోళ్ళ ఇంటివాడే. మగ్గాలు నడవక రైల్వేలో చేరి, సిగ్నల్ కేబిన్‌లో లీవర్లు లాగే పనిలో స్థిరపడ్డాడు. పిల్లకు పిల్లవాడు నచ్చాడు, పిల్లవాడికి పిల్ల నచ్చింది. మిగిలింది పొంతన ఒక్కటే.

కట్టయ్య రైల్వే దవాఖానలో పుట్టాడు కనుక వేళ నిమిషంతో సహా ఉంది. సోమక్క వేళ మొగిలమ్మకు తెలియదు. రాజలింగు సోమక్కకు పేరు అక్షరం కొట్టాడు. యంత్రం ఇద్దరిదీ మృగశిర అంది, ఇద్దరిదీ ఒకే నాడి అంది, కూడదు అంది. ఒకే నాడి అయితే మగవానికి ప్రాణగండమని ఆ వాడల్లో అందరికీ భయం. సాంబయ్య మంచివాడే కానీ కొడుకు ప్రాణం మాట వచ్చేసరికి వెనక్కి తగ్గాడు. ఆ తరువాత సంగతి వాడకట్టంతా తిరిగింది. 'సోమక్కకు దోషమున్నదట' అని నీళ్ళ పంపు దగ్గర అనుకోవడం రాజలింగు తల్లి కూడా విని వచ్చింది.

కొన్నాళ్ళకు తొర్రూరు నుంచి ఇంకొక సంబంధం వచ్చింది. మొగిలమ్మ ఈసారి బిడ్డను కూడా వెంటబెట్టుకుని కేంద్రానికి వచ్చింది. మధ్యాహ్నపు వేళ, జనం లేరు. రాజేశ్వర్ రావు చెక్క అవతల స్టూడియోలో ఎవరికో ఫొటో తీస్తున్నాడు.

"గీ పిలగాని వేళ ఉన్నది కొడుకా, సర్కారు దవాఖానల పుట్టిండట" అంటూ చెప్పింది మొగిలమ్మ. "నా బిడ్డకు ఎప్పటి లెక్కనే పేరు మీద జూడు. జర మంచిగ జూడు."

"మంచిగనే జూస్త చిన్నమ్మా, ఫికర్ జేయకు" అన్నాడు రాజలింగు.

ప్రింటరు గీపెట్టుకుంటూ కాగితం వదిలింది. రాజలింగు చదివాడు. "పిలగానిది శ్రవణం. సోమక్కది శ్రవణం. ఒకటే నాడి..."

మొగిలమ్మ కాగితం వైపు వంగింది. "మొన్న మృగశిర అంటివి గద రాజలింగు."

"ఆఁ?"

"మొన్న కాజీపేట పిలగానప్పుడు నా బిడ్డది మృగశిర అని జెప్పినవ్. ఇయ్యాల శ్రవణం అంటానవ్. నా బిడ్డను నేను ఎన్నిసార్లు కన్ననయ్యా?"

రాజలింగు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. పేరు మారలేదు, అక్షరం మారలేదు, పట్టిక మారలేదు. నక్షత్రం ఎట్లా మారింది?

సోమక్క అప్పటిదాకా తల వంచుకుని కూర్చుంది. ఇప్పుడు తలెత్తింది. "ఏ పిలగాని పేరు జెప్తే గా పిలగాని నక్షత్రమే నాకు వస్తాంది గదా అన్నా. నీ కంప్యూటర్‌కు నేను కనవడుతలేనా?"

ఆ మాట రాజలింగు గుండెలో గుచ్చుకుంది. "కూసోండ్రి" అన్నాడు. "కూసోండ్రి, పోకుండ్రి. నేను సూస్త."

*

సరిగ్గా ఆ నెలలోనే హైదరాబాదు స్నేహితుడు కొత్త పాస్కల్ ఫ్లాపీలు పంపాడు. పాతదానిలో తప్పు వెతకాలంటే నడుమ నడుమ అంకెలు అచ్చు వేయించి చూసుకోవడమే దారి. కొత్తదానిలో ఒక వింత ఉంది. ప్రోగ్రాంను ఒక్కొక్క వాక్యం చొప్పున ఆపి ఆపి నడిపించవచ్చు. కింద ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ఏ పేరు రాస్తే, ఆ పేరు కింద ఆ క్షణాన ఏ అంకె ఉందో ఆ కిటికీలో కనిపిస్తుంది. రాజలింగు ఇంతవరకు దాన్ని ముచ్చటకు తప్ప పనికి వాడలేదు.

ఇప్పుడు కిటికీలో NAK అని రాశాడు. తొర్రూరు పిల్లవాడి వేళ కొట్టి, ఒక్కొక్క మెట్టే దింపాడు. NAK పక్కన ఇరవై రెండు వచ్చింది. శ్రవణం. సరే. తరువాత సోమక్క. పేరు అక్షరం కొట్టి, తను విడిగా రాసి తెచ్చి అతికించిన ముక్క లోపలికి అడుగు పెట్టాడు. కిటికీలో అంకె మారింది. ఇరవై అయిదు.

"పూర్వాభాద్ర" అన్నాడు పైకే. "సో అంటే పూర్వాభాద్ర. సరిగనే వస్తాంది చిన్నమ్మా."

"మరి కాగితం మీద గట్లెందుకొచ్చింది?"

ఇంకొక మెట్టు దింపాడు. ముక్క అయిపోయింది, ప్రోగ్రాం మళ్ళీ బయటికి వచ్చింది. కిటికీలో అంకె మళ్ళీ ఇరవై రెండు అయిపోయింది.

రాజలింగు కుర్చీలోనే వెనక్కి జరిగాడు. అదేమిటో అర్థం కాక మళ్ళీ మొదటి నుంచి నడిపాడు. లోపలికి పోతే ఇరవై అయిదు. బయటికి వస్తే ఇరవై రెండు. ఎవరో ఆ పిల్ల నక్షత్రాన్ని గడప దగ్గర చేతిలోంచి లాక్కుని పంపిస్తున్నట్టు ఉంది.

ఈసారి కిటికీలో రెండు పేర్లు రాశాడు. మొత్తం ప్రోగ్రాం తాలూకు NAK ఒకటి. ఆ చిన్న ముక్క తాలూకు NAK అని ముక్క పేరుతో కలిపి ఇంకొకటి. మళ్ళీ మెట్లు దింపాడు. చిన్న ముక్కలోకి అడుగు పెట్టేదాకా రెండో వరుసలో అంకె లేదు, ఆ పేరు ఇప్పుడు అందదని ఇంగ్లీషులో ఒక మాట మాత్రం ఉంది. అడుగు పెట్టగానే రెండు వరుసలూ వెలిగాయి. పైన ఇరవై రెండు, కింద ఇరవై అయిదు. ఒకే పేరు, ఒకే సమయం, రెండు నక్షత్రాలు. బయటికి రాగానే కింది వరుస ఆరిపోయింది. పైది ఇరవై రెండుగానే నిలబడింది.

అప్పుడు తెలిసింది. ఇంటి దగ్గర విడిగా రాసినప్పుడు ఆ ముక్కకు సొంతంగా ఒక NAK కావలసివచ్చింది. ఒక్క లైనులో దాన్ని పుట్టించాడు. పెద్ద ప్రోగ్రాంలోకి తెచ్చి అతికించినప్పుడు ఆ ఒక్క లైను తీసెయ్యాలి, తియ్యలేదు. దాంతో పేరు చూసి లెక్కకట్టిన ప్రతి నక్షత్రమూ ఆ ముక్క లోపలే పుట్టి, ఆ ముక్క లోపలే పోయింది. బయట అందరికీ కనిపించే NAKను ఎవరూ తాకలేదు. అందులో అబ్బాయి నక్షత్రమే అట్లా మిగిలి ఉంది. యంత్రం అబ్బాయి పక్కన అబ్బాయినే కూర్చోబెట్టి, ఒకే నాడి, కూడదు అని చెబుతూ వచ్చింది.

ఒక్క సోమక్కకే కాదు. వేళ తెలియక పేరు మీద చూపించుకున్న ఆడపిల్ల ఎవరు వచ్చినా అంతే. సర్కారు దవాఖానలోనో రైల్వే దవాఖానలోనో పుట్టినవాళ్ళకు యంత్రం నిజం చెప్పింది. ఇంటి చీకటి గదిలో మంత్రసాని చేతిలో పుట్టినవాళ్ళకు అబద్ధం చెప్పింది. మగపిల్లవాడు పుడితే గడియారం ఉన్న ఇంటికి పరిగెత్తి వేళ తెలుసుకున్న ఇళ్ళలోనే, ఆడపిల్ల పుట్టిన వేళ ఎవరికీ పట్టలేదు. ఆ పట్టని పిల్లలందరికీ 'కూడదు' అని తన చేతులతో కాగితాలు ఇచ్చాడు. పేదవాళ్ళ కోసమని రాసిన ముక్కే పేదవాళ్ళను కొట్టింది. పైగా ఆ సాయంత్రం దేవునికి కొబ్బరికాయ కొట్టాడు!

"తల్లీ" అన్నాడు. ఆ పిలుపు అమ్మవారికో ఎదుట ఉన్న పిల్లకో తనకే తెలియదు. "నీకు ఏ దోషం లేదు సోమక్కా. కట్టయ్యది మృగశిర, నీది పూర్వాభాద్ర. నాడులు వేరు. మంచిగ కుదురుతది. తప్పు నాది."

బిడ్డకు నచ్చినవాడు కట్టయ్యే కనుక మొగిలమ్మకు తొర్రూరు మాటే గుర్తు రాలేదు, కోపం వచ్చింది. "కుదురుతదా? గిప్పుడు జెప్తవా? రేపు పొద్దుగాల కాజీపేటోళ్ళు జనగామ పోతాండ్రు, పిల్లను జూసుటానికి. నచ్చితే గాడనే పూలు పండ్లు పెట్టుకొనొస్తరట." కొంగు నోట్లో కుక్కుకుంది. "నా బిడ్డ నీళ్ళకు పోతే ఎంత మంది ఎన్నెన్ని మాటలన్నరో నీకెరుకనా?"

"అవ్వా, ఊకో" అంది సోమక్క. లేచి, మూలన కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి తెచ్చింది. తల్లికి ఇస్తుందనుకున్నాడు రాజలింగు. ఆమె అతని ముందు పెట్టింది. "తాగన్నా. నీ మొకం సూడు ఎట్లయిందో."

*

రాజేశ్వర్ రావు చెక్క అవతల నుంచి అంతా విన్నాడు. తల్లీకూతుళ్ళు వెళ్ళిపోయాక లోపలికి వచ్చి తలుపు వేశాడు.

"ఏమయ్యా, నీ తప్పు నీ కడుపుల పెట్టుకోక గంత గట్టిగ చెప్పుడెందుకు? సక్కగ దిద్దు. రేపటి నుంచి మంచిగ జెప్తది. అయిందేదో అయిపాయె."

"కాలే సార్. రేపు వాళ్ళు జనగామ పోతాండ్రు."

"పోనీ. గా పిల్లకు ఇంకో సంబంధం రాదా?"

"వస్తది సార్. దోషం పిల్ల అని పేరు వచ్చినంక ఎట్లాంటిది వస్తదో మీకెరుకే." రాజలింగు కంప్యూటరు వైపు చెయ్యి చూపాడు. "ఇంకెవలెవలకు చెప్పిన్నో ఎరుక లేదు సార్. మిషన్ బంద్ చేస్తే పేర్లన్నీ పోతయి. ఎక్కడ ఉంచలే మనం. ఎవలను పోయి ఎతకాలె?"

ఆ మాటకు రాజేశ్వర్ రావు కోపం చల్లారిపోయింది. యజమాని కంటే ముందు అతనూ ఇద్దరు ఆడపిల్లల తండ్రి. బొట్టు పెట్టిన కంప్యూటరు వైపు ఒకసారి చూశాడు. తరువాత స్టూడియోలో ఫొటోల వెనక పెట్టే నల్ల అట్ట ఒకటి తెచ్చి, సుద్దముక్కతో తనే రాశాడు. పేరు మీద పొంతన చూపించుకున్నవారు దయచేసి మళ్ళీ రావాలి, తప్పు మాది, అని. గుమ్మానికి వేలాడగట్టి, "నా సైకిల్ తీస్కపో, నీ దాని చైన్ ఊడుతది" అన్నాడు.

*

కాజీపేట రైల్వే క్వార్టర్ల దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది. సాంబయ్య గుమ్మం ముందు నులక మంచం బిగిస్తున్నాడు. అతని భార్య రాజవ్వ, వచ్చినవాడెవరో అడగకముందే మజ్జిగ ముంత తెచ్చి చేతికిచ్చింది. "ఎండల పడి వచ్చినవ్ బిడ్డా, ముందుగాల తాగు" అంది.

రాజలింగు తాగి, ముంత కింద పెట్టి, జరిగినదంతా చెప్పాడు. సాంబయ్య నులక లాగడం ఆపి విన్నాడు. చెప్పడం అయ్యాక కూడా నమ్మనట్టే చూశాడు.

"గదేంది? లోపల సరైంది వస్తే బయటికెందుకు రాలే?"

"లోపల ఒక NAK, బయట ఒక NAK ఉండె మామా. పేరు ఒకటే గని రెండు వేరు వేరు. నేను లోపలిదాన్ని మార్చిన. కాగితం మీద రాసేది బయటిది."

సాంబయ్య దాన్ని తన పనితో పోల్చి చూసుకున్నాడు. "అంటే కేబిన్‌ల లీవర్ గుంజినవ్. తీగ తెగి ఉన్నది. బయట సిగ్నల్ పడలే."

"గంతే మామా."

"గుంజినోడు లీవర్ పడ్డది గదా అని కూసున్నడు. బయటికి తొంగి సూడలే."

"సూడలే మామా. సూసే కిటికీ ఇప్పుడొచ్చింది."

సాంబయ్య నిట్టూర్చాడు. "మా పనిల గిట్లయితే రెండు బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటయి. నీ పనిల ఏ సప్పుడు కాకపాయె." కోపంతో అన్న మాట కాదు అది. నిజంగానే ఆశ్చర్యపోతూ అన్నాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న రాజవ్వ అప్పుడు అడిగింది. "మరి మా నర్సవ్వది?"

రాజలింగుకు అర్థం కాలేదు.

"మా పెద్దబిడ్డ, లక్ష్మీనర్సమ్మ. నా పెండ్లయిన కొత్తల మా తల్లిగారింట పుట్టింది. వేళ ఎవలు జూసిండ్రు? గిర్మాజిపేట పెద్దులు అని మంచి పిలగాడు. పిల్ల మెచ్చింది, పిలగాడు మెచ్చిండు. మీ కాడనే సూపిచ్చినం. పేరు మీదనే జూసినవ్. ఇద్దరిది భరణి అన్నవ్. కూడదన్నవ్."

రాజలింగు ఆమె ముఖం వైపు చూశాడు. ఈమె ఎప్పుడు వచ్చింది? వచ్చినవాళ్ళ ముఖాలు ఒక్కటీ గుర్తు లేవు. పట్టిక మాత్రం నోటికి వచ్చు. ల అంటే అశ్విని. అశ్వినిది ఒక నాడి, భరణిది ఇంకొకటి. కిటికీ తెరవవలసిన పని కూడా లేదు.

తెలియదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఈ ఇంట్లో ఎవరూ పట్టిక తెలిసినవాళ్ళు కారు. వచ్చిన పని సోమక్కది. అది అయిపోతే తలుపు దాటి వెళ్ళిపోవచ్చు.

"గది గూడ తప్పే అత్తా" అన్నాడు. "ఆమెది అశ్విని. కుదిరేదుండె."

రాజవ్వ గడప మీద కూర్చుండిపోయింది. "ఇప్పుడు బీవండిల ఉన్నది" అంది ఎవరితోనో అన్నట్టు. "అల్లుడు మంచోడే. పవర్‌లూముల కాడ పని. గని ఎంత దూరమో. బిడ్డకు జరమొచ్చిందంటే పోయేటాలకు జరం తగ్గుతది." కొంచెం ఆగి అడిగింది, "ఎనుకకు తిప్పరాదా బిడ్డా?"

"తిప్పరాదు అత్తా."

సాంబయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పట్టాల మీద ఏదో బండి పోతూ ఉంది. రాజలింగు తిట్ల కోసం ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది. రాజవ్వ లేచి, లోపలికి వెళ్ళి, ముఖం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని బయటికి వచ్చింది.

"లే" అంది భర్తతో. "కొత్తవాడకు పోదాం."

"గిప్పుడా? రేపు జనగామ..."

"జనగామోళ్ళకు కబురు పంపు, వస్తలేమని. మనం గా పిల్లను ఇంక సూడనే లేదు, ఆమె పేరు చెడలే. పేరు చెడింది కొత్తవాడ పిల్లది." చెప్పులు వేసుకుంది. "మన నర్సవ్వను ఎవ్వలు అడగలేదు. గా పిల్లనన్న పోయి అడుగుదాం, చేసుకుంటదో లేదో."

కొత్తవాడలో దీపాలు పెట్టే వేళకు ముగ్గురూ మొగిలమ్మ గుమ్మం ముందు నిలబడ్డారు. మగ్గాలు ఆగాయి. నీళ్ళ పంపు దగ్గరి ఆడవాళ్ళందరూ బిందెలతో అక్కడికే వచ్చారు. రాజలింగు వాళ్ళందరి వైపు తిరిగి, ఆ పిల్లకు ఏ దోషమూ లేదని, కంప్యూటరు కాదు, తనే తప్పు చేశానని, వినిపించేట్టు గట్టిగా చెప్పాడు. పంపు దగ్గరి ముసలామె ఒకతె, "గట్లనా? మరి మొన్నటి నుంచి మా నోర్లెందుకు ఖరాబు చేసినవ్ రా!" అని అతన్నే దులిపింది. కొందరు నవ్వారు. రాజవ్వ మాత్రం లోపలికి వెళ్ళి సోమక్క గడ్డం పట్టుకుని, మా కట్టయ్యను చేసుకుంటావా బిడ్డా అని అడిగింది. సోమక్క తల్లి వైపు చూసింది. "కోపం పోలేదత్తా" అంది. "గని చేసుకుంట."

*

మాఘమాసంలో పెండ్లి. అప్పటిదాకా రాజలింగు రోజూ కేంద్రంలో కూర్చున్నాడు. నల్ల అట్ట చూసి కొందరు తిరిగి వచ్చారు. కొందరికి కుదిరింది, కొందరికి నిజంగానే కుదరలేదు. ఎక్కువమంది రానే లేదు. చదువు రానివాళ్ళకు అట్ట మీద రాత ఏం తెలుస్తుంది? ఆదివారాలు సైకిల్ మీద వాడవాడా తిరిగి అడిగాడు. పేర్లు తెలియకుండా మనుషులను వెతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

పెండ్లి పందిట్లో భోజనాల వేళ రాజలింగు చివరి వరుసలో కూర్చున్నాడు. ఎవరో ఒక ఆడమనిషి, చంకన బిడ్డను ఎత్తుకుని, ఆ చేత్తోనే బూరెల పళ్ళెం పట్టుకుని వడ్డిస్తూ వస్తోంది. ముఖం రాజవ్వ పోలిక. బీవండి నుంచి తమ్ముడి పెండ్లికి వచ్చిందని రాజలింగుకు చూడగానే తెలిసింది. తల వంచుకున్నాడు.

ఆమె అతని విస్తరి ముందు ఆగింది.

"కంప్యూటర్ అన్న నువ్వేనట గదా."

"నేనే అక్కా" అన్నాడు.

ఆమె ఒక బూరె వేసింది. కొంచెం ఆగి ఇంకొకటి వేసింది. చంకలోని బిడ్డ పళ్ళెం మీదికి వంగితే చేతిని పక్కకు జరిపింది.

"గిర్మాజిపేట పెద్దులు మంచిగున్నడా?" అని అడిగింది, ఊరి సంగతులు అడిగినట్టే.

రాజలింగు ఆ ఇల్లు కూడా వెతుక్కుంటూ పోయి వచ్చాడు. "మంచిగున్నడక్కా. పెండ్లయింది. బిడ్డ పుట్టింది."

"మంచిది" అంది నర్సవ్వ. "తిను అన్నా, చల్లారుతాంది." పక్క విస్తరి దగ్గరికి జరిగి, అక్కడి పెద్దాయనకు బూరె వేస్తూ ఇంకా ఏం కావాలని అడుగుతోంది. రాజలింగు ఒక బూరె తుంచి నోట్లో పెట్టుకున్నాడు.